అడగకుండా మూసిన గేటు

పదిన్నర కావడానికి ఇంకా పది నిమిషాలుంది. హైదరాబాదులో లేబర్ కోర్టు వరండా. గోడ వారగా వేసిన బెంచీలు అప్పటికే నిండాయి. ఆ రోజు కేసుల జాబితా నోటీసు బోర్డుకు అంటించారు. దాని ముందు గుమిగూడినవాళ్లు వేలు పెట్టి ఒక్కో వరసే దిగుతూ తమ ఐ.డి. (పారిశ్రామిక వివాదం) నంబరు వెతుక్కుంటున్నారు. జాబితాలో పిటిషనర్ పేరు ముందుంటుంది, కంపెనీ పేరు తర్వాత. నిన్నటిదాకా మేనేజరు గది గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడిన మనిషి, ఇక్కడ అదే మేనేజరుతో సమానంగా ఒక నంబరు కింద ఉన్నాడు.

బెంచీ చివర కూర్చున్నామె ఒళ్లో చీరల దుకాణం సంచి ఉంది. సంచిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో కాయితాలు. నగరం శివార్లలోని ఒక మందుల ఫ్యాక్టరీ ప్యాకింగ్ సెక్షన్‌లో తొమ్మిదేళ్లు పనిచేసింది. చివరిగా అందుకున్న జీతం 13,000 రూపాయలు. ఏళ్లుగా ఆ గేటు బయటే ఉంది. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి వరండాల్లో వాయిదాల కోసం కూర్చునే ఎందరి అనుభవాలో ఆమెలో కలిసి ఉన్నాయి. ఒక్క మనిషి వెంట నడిస్తేనే ఈ దారి ఎలాంటిదో తెలుస్తుందని ఒక్కరి కథగా చెబుతున్నాను.

ఆమె పక్కన హోటల్లో వంట చేసిన పెద్దాయన. ఆ పక్కన ఏజెన్సీ ద్వారా చేరిన సెక్యూరిటీ గార్డు. ఏజెన్సీవాళ్లు కంపెనీని అడగమంటారు, కంపెనీవాళ్లు ఏజెన్సీని అడగమంటారు. ఎదుటి బెంచీ మీద ఒక ప్రైవేటు స్కూలు టీచరమ్మ ఎవరో జూనియర్ లాయరుతో మాట్లాడుతోంది. ఆయన చెబుతున్న మాట ఆమెకు మింగుడు పడడం లేదు. టీచరు పారిశ్రామిక వివాదాల చట్టం కింద ‘వర్క్‌మన్’ కాదని సుప్రీంకోర్టు 1988లో సుందరాంబాళ్ కేసులో చెప్పింది. ఆమెకు అన్యాయం జరిగి ఉండొచ్చు, కానీ ఈ తలుపు ఆమెకు తెరుచుకోదు, ఇంకో దారి వెతుక్కోవాలి. ఉద్యోగం పోయిన ప్రతి మనిషికీ మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే. తప్పెవరిదన్నది తర్వాత. చట్టం దృష్టిలో నువ్వు కార్మికుడివా, కాదా? పేరు ముందు ‘ఎగ్జిక్యూటివ్’ అనో ‘ఆఫీసర్’ అనో తగిలించినంత మాత్రాన కాకుండా పోరు. చేతులతో రోజూ చేసే అసలు పనేమిటో కోర్టు చూస్తుంది.

అటెండరు తలుపు దగ్గరికి వచ్చి గొంతెత్తాడు. మొదటి పిలుపు. ఒక్కో నంబరు పలుకుతుంటే వరండాలోంచి “ఉన్నాం”, “టైమ్ కావాలి”, “వకాల్తా వేస్తున్నాం” అంటూ జవాబులు. జాబితాలో సగం కేసులు పావుగంటలో తేదీలు మార్చుకుని వెళ్లిపోయాయి. ఆమె నంబరుకు మాత్రం జడ్జి మేడం తలెత్తి, “క్రాస్ ఉంది కదా, పాస్ ఓవర్” అన్నారు. అంటే అవతలి లాయరు ఆమెను ప్రశ్నించాల్సి ఉంది, కాసేపాగి మళ్లీ పిలుస్తారు. ఆమె మళ్లీ బెంచీ మీద కూర్చుని కవరు విప్పి కాయితాలు సరిచూసుకుంది. ఇప్పటికి అవి ఆమెకు కంఠతా వచ్చేశాయి.

ఆ కాయితాల్లోనే కథంతా ఉంది.

కొన్నేళ్ల కిందట ఒక వానాకాలం ఆమెకు టైఫాయిడ్ వచ్చింది. ఈఎస్ఐ డాక్టరు మూడు వారాలు విశ్రాంతి రాశాడు. సర్టిఫికెట్‌ను ఫోటో తీసి సూపర్‌వైజరుకు వాట్సాప్‌లో పంపింది. ఆయన బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకున్నాడు. జ్వరం తగ్గి డ్యూటీకి వెళ్లిన రోజు గేటు దగ్గర మిషన్ మీద వేలు పెడితే ఎర్ర లైటు వెలిగింది. తుడిచి మళ్లీ పెట్టింది. మళ్లీ ఎరుపే. వాచ్‌మన్‌కు ఆమె తొమ్మిదేళ్లుగా తెలుసు. “మీ పేరు లిస్టుల లేదక్కా, ఆఫీసుల అడుగు” అన్నాడు నేల చూస్తూ. ఆఫీసులో వాళ్లు “ఫోన్ చేస్తాం, ఇంటికెళ్లు” అన్నారు. ఫోన్ రాలేదు. ఉత్తరం రాలేదు. తీసేశామని ఎవరూ నోటితోనైనా అనలేదు.

ఉద్యోగాలు ఎక్కువగా ఇలాగే పోతాయి. చార్జిషీటు ఇస్తే జవాబు చెప్పే హక్కు పుడుతుంది. విచారణ జరిపితే సాక్షులను ప్రశ్నించే హక్కు పుడుతుంది. తొలగింపు ఆర్డరు చేతికిస్తే దాన్ని కోర్టుకు తీసుకెళ్లొచ్చు. ఏ కాయితమూ ఇవ్వకుండా గేటు మూస్తే తర్వాత కోర్టులో “మేం తీసేయలేదు, తనే పని మానేసింది” అని చెప్పుకోవచ్చు. ఆమె కేసులో యాజమాన్యం వేసిన కౌంటరులో ఉన్నది సరిగ్గా ఆ వాక్యమే. వరసగా ఎనిమిది రోజులు సెలవు లేకుండా రాకపోతే ఉద్యోగం మీద హక్కు దానంతట అదే పోతుందని తమ స్టాండింగ్ ఆర్డర్లలో, అంటే ఫ్యాక్టరీ రాసిపెట్టుకున్న సర్వీసు నియమాల్లో, ఉందని కూడా రాశారు.

ఆమె అదృష్టమల్లా పక్కవీధిలో ఉండే రిటైరైన మిల్లు కార్మికుడు. ఒకప్పుడు యూనియన్‌లో తిరిగినవాడు. “బిడ్డా, నోటిమాట గాలికి పోతది. ఉత్తరం రాయి. రిజిష్టరు పోస్టు చెయ్యి” అన్నాడు. ఇద్దరూ కూర్చుని రాశారు. జ్వరంతో సెలవులో ఉన్నాను, ఫలానా తేదీన డ్యూటీకి వస్తే గేటు దగ్గర ఆపేశారు, నేను పని మానలేదు, ఎప్పుడు రమ్మన్నా వస్తాను. నాలుగే వాక్యాలు. పది రోజులకు పోస్టుమాన్ ఒక కార్డు తెచ్చిచ్చాడు. దాని మీద కంపెనీ రబ్బరు ముద్ర, గజిబిజి సంతకం, తేదీ ఉన్నాయి. అరచేతిలో పట్టే ఆ కార్డు ఇప్పుడు కోర్టు ఫైల్లో డబ్ల్యూ-6 అని గుర్తు వేసిన సాక్ష్యం.

ఉత్తరం తర్వాత లేబర్ ఆఫీసు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గరి ఆ భవనానికి టి. అంజయ్య పేరు పెట్టారు. ఆల్విన్ కార్ఖానాలో కూలీగా మొదలై, యూనియన్ నాయకుడై, 1980లో ముఖ్యమంత్రి అయిన మనిషి ఆయన. లేబర్ ఆఫీసరు రెండు పక్షాలనూ కూర్చోబెట్టి రాజీ కుదర్చాలని చూస్తారు. మొదటి పిలుపులకు యాజమాన్యం తరఫున ఎవరూ రాలేదు. చివరికి వచ్చినాయన టేబుల్ మీద తెల్లకాగితం పెట్టి, “లక్ష రూపాయలిస్తాం. ఆరోగ్యం బాగాలేక మానుకుంటున్నానని రాసివ్వమ్మా” అన్నాడు. ఇంటి అద్దె మూడు నెలలు బాకీ ఉంది. అబ్బాయి ఇంటర్ ఫీజు కట్టాలి. ఆమె ఆ కాగితం వంక చాలాసేపు చూసింది. “లక్ష వద్దు సార్, నా పని నాకియ్యండ్రి” అంది. అక్కడికి రాజీ ముగిసింది.

ఇక్కడ తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం వచ్చిన కొత్తలో ఒంటరి కార్మికుడి గోడు ‘పారిశ్రామిక వివాదం’ అనిపించుకోవాలంటే యూనియనో తోటి కార్మికులో వెంట నిలబడాల్సి వచ్చేది. 1965లో 2ఎ సెక్షన్ చేర్చాక తొలగించిన ఒక్క మనిషి గొడవ కూడా వివాదమే అయింది. అప్పుడు కూడా కేసు కోర్టుకు చేరాలంటే ప్రభుత్వం రెఫర్ చేయాలి. ఫైలు సచివాలయంలో ఆగితే న్యాయమూ అక్కడే ఆగేది. ఆ అడ్డును ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1987లోనే తీసేసింది. తొలగించిన కార్మికుడు నేరుగా లేబర్ కోర్టుకు వెళ్లొచ్చని రాష్ట్ర సవరణ తెచ్చింది. అదే వెసులుబాటు దేశమంతటికీ రావడానికి 2010 దాకా పట్టింది. రాజీ అధికారికి దరఖాస్తు ఇచ్చి 45 రోజులు దాటితే చాలు, కోర్టు మెట్లెక్కొచ్చని కేంద్రం అప్పుడు చట్టం మార్చింది. గోదావరిఖనిలో, వరంగల్‌లో, విశాఖపట్నంలో, గుంటూరులో, అనంతపురంలో లేబర్ కోర్టుల ముందు ఇలా ఒంటరిగా నిలబడగలిగిన ప్రతి కార్మికుడి వెనకా ఈ మార్పు ఉంది.

పన్నెండు దాటింది. అటెండరు ఆమె నంబరు పిలిచాడు. ఈసారి వాయిదా లేదు.

గది చిన్నది. పైన జడ్జి మేడం, కింద బెంచి గుమాస్తా, పక్కన కంప్యూటరు ముందు స్టెనో. ఆమె చెక్క బోనులోకి ఎక్కి చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక కొంగు సర్దుకుంది. ప్రమాణం చేయించారు. ఆమె చెప్పాల్సిందంతా అఫిడవిట్‌గా ముందే దాఖలైంది. ఇక మిగిలింది అవతలి లాయరు అడిగే ప్రశ్నలే. పారిశ్రామిక వివాదాల చట్టం కింద ఎదుటి పక్షం ఒప్పుకుని కోర్టు అనుమతిస్తే తప్ప లాయర్లు వాదించడానికి వీల్లేదు. ఒక పక్కన డబ్బు, మరో పక్కన లేమి ఉన్నప్పుడు తూకం చెడకూడదని పెట్టిన నియమం అది. నిజానికి ఆమెకు లాయరు ఖర్చు కూడా లేదు. న్యాయసేవల చట్టం ప్రకారం మహిళలకూ పారిశ్రామిక కార్మికులకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం అందాలి. ఆమె రెండు విధాలా అర్హురాలు.

యాజమాన్యం లాయరు పెద్దమనిషి. గొంతు పెంచలేదు.

“అమ్మా, సెలవు చీటీ ఇచ్చావా?”

“జరమొచ్చింది సార్. డాక్టరు రాసిచ్చిన కాయితం సూపర్‌వైజర్ సార్‌కు ఫోన్ల పంపిన.”

“సెలవు చీటీ ఇచ్చావా లేదా అని అడుగుతున్నాను.”

“చీటీ ఇయ్యలే. కాయితం పంపిన.”

జడ్జి మేడం స్టెనో వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పారు. కీబోర్డు టకటకలాడింది. తెలుగులో అన్న మాట ఇంగ్లీషులో పడుతున్నంతసేపూ ఆమె ఆ తెర వైపే చూస్తోంది. అక్కడ ఏం పడిందో ఆమెకు తెలియదు. చివర్లో చదివి వినిపించి సంతకం తీసుకుంటారు కానీ ఆ నాలుగు క్షణాలు మాత్రం ఆమె బతుకు ఆమెకు రాని భాషలో ఉంటుంది.

“ఇప్పుడు బట్టలు కుడుతున్నావు కదా?”

“ఇంటికాడ జాకెట్లు కుడుత సార్.”

“నెలకెంత వస్తుంది?”

“రెండు వేలు. దసరాకు, పెండ్లిళ్లకు జర ఎక్కువొస్తది.”

“అంటే వేరే ఉపాధి దొరికింది. అందుకే ఫ్యాక్టరీ మానేశావు. అవునా?”

ఆమె మొదటిసారి లాయరు కళ్లలోకి సూటిగా చూసింది. “కాదు సార్. మీరు మాన్పిచ్చిన్రు, అందుకే కుడుతున్న.”

గదిలో ఎవరూ కదల్లేదు. ఆ మాట కూడా కీబోర్డు మీద పడింది.

ఈ ప్రశ్న ఎందుకడుగుతారో చెప్పాలి. తొలగింపు చెల్లదని తేలితే గడిచిన కాలానికి జీతం ఇవ్వాల్సి వస్తుంది. కార్మికుడు ఈలోగా వేరే చోట సంపాదించుకున్నాడని చూపిస్తే అది తగ్గుతుంది. రాజిందర్ కుమార్ కింద్రా కేసులో ఉద్యోగం పోయిన మనిషి మామగారి బొగ్గుల డిపోలో సాయం చేస్తూ ఆ ఇంట్లోనే తలదాచుకున్నాడు. అదీ ఉపాధేనని యాజమాన్యం వాదించింది. 1984లో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. దాన్ని ఉపాధి అంటే, రేపు ప్రాణం నిలుపుకోవడానికి అడుక్కున్నా ఉపాధే అంటారని చెప్పింది. 2013లో దీపాలీ గుండు సుర్వసే అనే ఉపాధ్యాయిని కేసులో ఇంకా స్పష్టం చేసింది. తొలగింపు అక్రమమని తేలితే పాత జీతం ఇవ్వడమే మామూలు పద్ధతి. తనకు ఉపాధి లేదనో, తక్కువ జీతానికి చేస్తున్నాననో కార్మికుడు చెప్పాక, ఉందని రుజువు చేయాల్సింది యాజమాన్యమే. జాకెట్లు కుట్టి ఇల్లు నడిపిన మనిషిని ఆ కుట్టుతోనే ఓడించాలనుకోవడం తప్పని న్యాయస్థానాలు ఏనాడో చెప్పాయి. అయినా ఆ ప్రశ్న ప్రతి బోనులోనూ వినిపిస్తూనే ఉంది.

చివర్లో లాయరు వరసగా సూచనలు వేశాడు. నువ్వు కావాలనే రాలేదు. నిజం కాదు. కంపెనీ పిలిచినా రాలేదు. నిజం కాదు. 240 రోజులు ఏ సంవత్సరమూ పనిచేయలేదు. నిజం కాదు సార్, తొమ్మిదేళ్లు చేసిన.

ఆ 240 రోజుల సంగతి ఊరికే అడగలేదు. పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేసిన మనిషిని తీసేయాలంటే నెల ముందు నోటీసో దాని బదులు జీతమో ఇవ్వాలి. పూర్తయిన ప్రతి సంవత్సరానికీ పదిహేను రోజుల జీతం పరిహారంగా ఇవ్వాలి. ఇవ్వకుండా తీసేస్తే ఆ తొలగింపు చెల్లదు. 240 రోజులు చేశానని మొదట చూపించాల్సింది కార్మికుడే. హాజరు రిజిస్టరేమో యాజమాన్యం బీరువాలో ఉంటుంది. ఈ చిక్కును ఆమె లాయరు ఎలా విప్పాడో భోజన విరామం తర్వాత చూశాను.

మధ్యాహ్నం రెండున్నర. ఇప్పుడు బోనులో కంపెనీ హెచ్‌ఆర్ అధికారి. యాజమాన్యం తరఫు మొదటి సాక్షి. ఆమె లాయరు వయసులో చిన్నవాడు. లేచి నిలబడి ఒక్కో కాయితమే అందిస్తూ వెళ్లాడు.

“ఈమె రాకపోతే మీరేమైనా ఉత్తరం రాశారా?”

“డ్యూటీలో చేరమని రాశాం. కాపీ దాఖలు చేశాం.”

“పోస్టు చేసిన రశీదు?”

“ఫైల్లో లేదు.”

“ఏ అడ్రసుకు రాశారు?”

అధికారి కాయితం తిప్పి చూశాడు. ఆమె ఉద్యోగంలో చేరినప్పటి అద్దె ఇంటి అడ్రసు అది. కంపెనీయే తర్వాత ఇచ్చిన గుర్తింపు కార్డు మీద కొత్త అడ్రసుంది. ఆ కార్డు డబ్ల్యూ-1.

“ఈమె మీకు రాసిన ఉత్తరం అందిందా?”

“గుర్తులేదు.”

డబ్ల్యూ-6 చేతికిచ్చారు. అధికారి ఆ చిన్న కార్డును రెండు వైపులా తిప్పాడు. “ముద్ర మాదే” అన్నాడు.

“దానికి జవాబు రాశారా?”

“లేదు.”

“ఆ సంవత్సరం హాజరు రిజిస్టరు తెమ్మని కోర్టు చెప్పింది. తెచ్చారా?”

“దొరకలేదు.”

లాయరు పీఎఫ్ పాస్‌బుక్ ప్రింటు తీశాడు. అందులో నెలనెలా కంపెనీ కట్టిన చందా, ఒక్క నెల తప్పకుండా. తర్వాత ఆమె బ్యాంకు స్టేట్‌మెంటు. టైఫాయిడ్ రోజుల్లో ఈఎస్ఐ నుంచి జమైన జబ్బు భత్యం అందులో ఉంది. సగటు జీతంలో నూటికి 70 వంతున వచ్చే డబ్బు అది. ఆ చిన్న మొత్తం ఆ మధ్యాహ్నం పెద్ద సాక్ష్యమైంది. అప్పుడు అమల్లో ఉన్న ఈఎస్ఐ చట్టం 73వ సెక్షన్ ప్రకారం, జబ్బు భత్యం అందుకుంటున్న కాలంలో కార్మికుడిని తొలగించకూడదు, శిక్షించకూడదు. ఆ రోజుల్లో ఇచ్చిన తొలగింపు నోటీసు చెల్లదు. కంపెనీ ‘రాలేదు’ అని లెక్కేసిన రోజులు సరిగ్గా అవే.

“ఆమెను తీసేసేముందు ఏమైందని అడిగారా?”

అధికారి లాయరు వైపు, జడ్జి వైపు చూశాడు. “స్టాండింగ్ ఆర్డర్ ప్రకారం అడగాల్సిన అవసరం లేదు.”

సరిగ్గా ఈ జవాబే 1993లో డి.కె. యాదవ్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. అక్కడా ఎనిమిది రోజుల నిబంధనే. అక్కడి కార్మికుడూ తనను గేటు దగ్గర ఆపేశారనే మొరపెట్టుకున్నాడు. నిబంధన ఎలా ఉన్నా సరే, మనిషి బతుకుతెరువు తీసేముందు అతని మాట వినకపోతే అది రాజ్యాంగంలోని జీవించే హక్కుకే విరుద్ధమని న్యాయస్థానం తేల్చింది. సగం పాత జీతంతో మళ్లీ పనిలోకి తీసుకోమంది. ఉద్యోగి తప్పు చేసి ఉండొచ్చు, సంస్థకు అతన్ని తీసేసే కారణమూ ఉండొచ్చు. అయినా అడగాలి. ఏమైంది, ఎందుకు రాలేదు అని ఒక్క ఉత్తరం రాసి, జవాబు విని, ఆ తర్వాత నిర్ణయించాలి. కార్మిక న్యాయమంతటికీ ఇదే గుండెకాయ. ప్యాకింగ్ సెక్షన్‌లో ఒక పెట్టె చెడిపోతే ఎందుకు చెడిందో రిజిస్టరులో రాస్తారు. తొమ్మిదేళ్లు పనిచేసిన మనిషిని తీసేసేటప్పుడు ఆ మాత్రం మర్యాద కూడా దక్కలేదు.

నాలుగు గంటలకు కేసు వాదనలకు వాయిదా పడింది. ఆ తర్వాత వాదనలకు కొన్ని వాయిదాలు, లిఖితపూర్వక వాదనకు ఒకటి, జడ్జి బదిలీతో కొన్ని నెలలు. చివరికి అవార్డు, అంటే లేబర్ కోర్టు తీర్పు, వచ్చిన రోజు కూడా అదే గది, అదే చెక్క బోను. బెంచి గుమాస్తా ఆఖరి పేజీ చదివాడు. తొలగింపు చెల్లదు. సర్వీసు కొనసాగింపుతో తిరిగి తీసుకోవాలి. పాత జీతంలో సగం చెల్లించాలి. లాయరు కాయితం వెనక లెక్క వేశాడు. నెలకు 13,000 చొప్పున నాలుగేళ్లకు 6,24,000. సగం 3,12,000. ఆమె కళ్లు తుడుచుకుని అడిగిన మొదటి ప్రశ్న, “రేపు పోవచ్చా సార్ డ్యూటీకి?”

రేపు కాదు. 1947 చట్టం ప్రకారం అవార్డును ప్రభుత్వం ప్రచురించాల్సి ఉండేది. ప్రచురించాక 30 రోజులకు అది అమల్లోకి వచ్చేది. ఆలోగా యాజమాన్యం హైకోర్టులో రిట్ వేసింది.

అక్కడ చట్టం ఆమెకు తోడు వచ్చింది. అదే చట్టం 17బి సెక్షన్ ప్రకారం, తిరిగి తీసుకోమన్న అవార్డు మీద యాజమాన్యం పై కోర్టుకు వెళ్తే, ఆ కేసు తేలేదాకా చివరి జీతం నెలనెలా ఇస్తూ ఉండాలి. వేరే చోట పనిచేయడం లేదని కార్మికుడు అఫిడవిట్ ఇస్తే చాలు. రేపు యాజమాన్యమే గెలిచినా ఆ డబ్బు తిరిగి కట్టనక్కర్లేదని దేనా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1947 చట్టం స్థానంలో వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లోనూ ఈ రక్షణ ఉంది. ఎందుకు పెట్టారిది? డబ్బున్న పక్షం కాలాన్ని ఆయుధం చేసుకోకూడదని. పై కోర్టులో కేసు నడిచినంతకాలం కార్మికుడు పస్తులుండి లొంగిపోకూడదని.

నన్ను వదలని ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది. హైకోర్టులో కేసున్న రోజుల్లో ఆమెకు అన్నం కావాలని గుర్తించిన చట్టానికి, లేబర్ కోర్టులో కేసు తేలేదాకా గడిచిన నాలుగేళ్లూ అన్నం కావాలని ఎందుకు తోచలేదు? సస్పెన్షన్‌లో ఉన్న కార్మికుడికి మొదటి 90 రోజులు సగం జీతం, ఆపైన ముప్పావు వంతు ఇవ్వాలని 1946 స్టాండింగ్ ఆర్డర్ల చట్టంలో ఉండేది. తీసేశామన్న మాట కూడా చెప్పకుండా గేటు బయట నిలబెట్టిన మనిషికి ఒక్క రూపాయి లేదు. విచారణ లేకుండా తీసేసినవాడికి ఆ కాలమంతా జీతం ఆదా. సస్పెండ్ చేసి విచారణ జరిపినవాడికి ఖర్చు. నియమం తప్పిన యజమానికే లాభం చేకూరితే నియమం ఎవరు పాటిస్తారు?

చట్టంలో జవాబు లేకపోలేదు. ఒంటరి కార్మికుడి వివాదం మూడు నెలలకు మించకుండా తేలాలని 1947 చట్టంలోనే రాసుకున్నారు. గడువు దాటినంత మాత్రాన కేసు పోదని కూడా రాశారు, మంచిదే. కానీ ఆ మినహాయింపే అలవాటై మూడు నెలలు ఏళ్లయ్యాయి. అదే చట్టంలో అవార్డు అంటే ఏమిటో నిర్వచిస్తూ, తుది నిర్ణయంతో పాటు మధ్యంతర నిర్ణయమూ అవార్డేనన్నారు. మధ్యంతర భృతి ఇచ్చే అధికారం ట్రిబ్యునళ్లకు ఉందని హోటల్ ఇంపీరియల్ కేసులో సుప్రీంకోర్టు 1959లోనే తేల్చింది. కాబట్టి కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కర్లేదు. తొలగింపు ఉత్తరం లేదు, విచారణ కాయితం లేదు, ఈఎస్ఐ సర్టిఫికెట్ మాత్రం ఉంది. ఇవి మూడూ మొదటి వాయిదా నాడే ఫైల్లో కనిపిస్తున్నాయి. అలాంటి కేసుల్లో ఆ రోజే సగం జీతమైనా నెలనెలా ఇవ్వమని లాయర్లు అడగాలి, న్యాయమూర్తులు ఇవ్వాలి. అప్పుడు వాయిదా కోరే యాజమాన్యం లేచే ముందు ఒకసారి లెక్క చూసుకుంటుంది.

2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1947 చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. నేరుగా కేసు వేసుకునే హక్కు అందులోనూ ఉంది. 45 రోజుల నియమమూ అలాగే ఉంది. కానీ కేసు వేయడానికి మూడేళ్లున్న గడువు రెండేళ్లకు తగ్గింది. స్టాండింగ్ ఆర్డర్లు తప్పనిసరిగా ఉండాల్సిన సంస్థల పరిమితి 100 మంది నుంచి 300 మందికి పెరిగింది. చిన్న ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు దీని అర్థం ఒకటే. రాసిపెట్టిన నియమాల అండ తగ్గింది, మేలుకోవాల్సిన తొందర పెరిగింది.

అందుకే ఇది చదువుతున్నవారిలో ఉద్యోగం చేసే ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను. జీతం స్లిప్పు పారేయకండి. పీఎఫ్ పాస్‌బుక్ ఆరు నెలలకోసారి తీసి ప్రింటు దగ్గర పెట్టుకోండి. సెలవు ఎవరికి ఎప్పుడు చెప్పారో రుజువు ఉంచుకోండి. గేటు దగ్గర ఆపితే ఆ వారంలోపే ఉత్తరం రాసి, అందినట్టు రుజువు వచ్చేలా పోస్టు చేయండి. తెల్లకాగితం మీద, మీరే మానుకున్నట్టు రాసిన కాగితం మీద ఎంత ఇబ్బందిలో ఉన్నా సంతకం పెట్టకండి. జిల్లా న్యాయసేవల సంస్థకు వెళ్లండి. లాయరు ఫీజు లేదని ఆగిపోకండి.

యాజమాన్యాలకు చెప్పాల్సింది ఇంకా చిన్నది. అడగండి. ఒక్క ఉత్తరం, ఒక్క జవాబు, ఒక్క విచారణ. ఆ పని మొదటి వారంలోనే చేసి ఉంటే ఆమె మళ్లీ ప్యాకింగ్ టేబుల్ దగ్గర ఉండేది, కంపెనీకి నాలుగేళ్ల కోర్టు ఖర్చు మిగిలేది. కోర్టులకు చెప్పాల్సింది కూడా చట్టంలో ఉన్నదే. ఒంటరి కార్మికుడి కేసుకు మూడు నెలలు చాలని 1947 చట్టం నమ్మింది. ఆ నమ్మకం నిలబెట్టలేని రోజుల్లో, కేసు నడిచినంతకాలం ఆ ఇంట్లో పొయ్యి వెలిగే ఏర్పాటు చేయడం న్యాయంలో భాగమే. గెలిచేదాకా బతకలేని మనిషికి హక్కు ఉందని చెప్పడానికి మనకు నోరు రాకూడదు.